కింద దుకాణాలు, పైన ఇళ్లు: మిశ్రమ వినియోగ భవనాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరేళ్లపాటు మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కు కార్యదర్శిగా ఉన్నాను. కింద రెండంతస్తుల్లో దుకాణాలు, పైన నలభై ఫ్లాట్లు. హైదరాబాద్‌లో ఇలాంటి చోట ఇల్లు కొనాలనుకునే బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇలా రాసిపెట్టాను. నిర్మాణ నిబంధనలు తెలంగాణవి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం, జీఎస్టీ మాత్రం దేశమంతటా ఒకటే.

మిశ్రమ వినియోగ భవనం అంటే ఏమిటి?

ఒకే స్థలంలో ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు, ఒక్కోసారి హోటలో ఆసుపత్రో కూడా ఉండేలా అనుమతి తీసుకుని కట్టినది. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకే భవనంలో కింద దుకాణాలు, మధ్యలో ఆఫీసులు, పైన ఫ్లాట్లు ఉండేది ఒకటి. ఒకే ప్రహరీ లోపల మాల్ ఒక పక్క, ఆఫీసు టవర్ మరో పక్క, ఇళ్ల టవర్లు వెనకాల ఉండేది రెండోది. బ్రోచర్లో రెండింటికీ ఒకే పేరు పెడతారు. ఉండేవాళ్లకు మాత్రం చాలా తేడా ఉంది. టవర్లు వేరైతే గొడవలు చాలావరకు గేటు దగ్గరే ఆగిపోతాయి. భవనం ఒక్కటే అయితే అవి గొట్టాల్లోంచి, లిఫ్టు గుంతలోంచి పడకగది దాకా వస్తాయి. ఈ పేజీలో ఎక్కువగా ఒకే భవనం గురించే చెబుతున్నాను.

ఇది విదేశాల నుంచి వచ్చిన కొత్త పద్ధతా?

కాదు. ముందుగదిలో కిరాణా కొట్టు, వెనక కాపురం మన ఊళ్లన్నింటిలో ఉన్నదే. హైదరాబాద్‌లో పత్తర్‌గట్టికి వెళ్లి తలెత్తి చూడండి. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు హయాంలో కట్టిన ఆ రాతి కమానుల వరుసలో కింద అంగళ్లు, పైన నివాసాలు. బేగంబజార్లోనూ, విజయవాడ వన్‌టౌన్‌లోనూ సరుకు కింద, సంసారం పైన.

అప్పట్లో దుకాణం యజమానీ పై ఇంటి యజమానీ ఒకరే. మిరపకాయల ఘాటు పైకి వస్తే తుమ్మేది ఆయన పిల్లలే కాబట్టి బస్తా ఎక్కడ పెట్టాలో ఆయనే చూసుకునేవాడు. ఇప్పుడు దుకాణం ఒకరిది, అద్దెకు నడిపేది మరొకరు, పైన ఉండేది నలభై కుటుంబాలు. కొత్తదనమంతా అందులోనే ఉంది.

మరి ఇప్పుడు ఎటు చూసినా ఇవే ఎందుకు కడుతున్నారు?

భూమి ధర వల్ల. కోకాపేట నియోపోలిస్ వేలంలో 2023 ఆగస్టులో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అంత పెట్టి కొన్న నేలమీద ఉత్త ఫ్లాట్లు కట్టి గిట్టించుకోవడం కష్టం. రోడ్డువైపు కింది అంతస్తుకు వచ్చే అద్దె పై అంతస్తుకు రాదు. రోడ్డు పక్క పడకగదిలో ఉండాలని ఎవరికీ ఉండదు కూడా. అందుకని కింది భాగాన్ని వ్యాపారానికి, పై భాగాన్ని కాపురానికి ఇస్తే బిల్డరుకు రెండు చేతులా ఆదాయం.

రెండో కారణం నిబంధనలు. స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలనే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని హైదరాబాద్‌లో 2006లో ఎత్తేశారు. 2012 నిర్మాణ నిబంధనల్లోనూ అదే కొనసాగింది. ఎంత ఎత్తు కట్టవచ్చనేది ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, చుట్టూ వదలాల్సిన ఖాళీ తేలుస్తాయి. దేశంలోని చాలా పెద్ద నగరాల్లో ఈ వెసులుబాటు లేదు.

ఎక్కడ పడితే అక్కడ కట్టవచ్చా?

లేదు. మాస్టర్‌ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో చూడాలి. 2013లో నోటిఫై అయిన హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) 2031 మాస్టర్‌ప్లాన్‌లో బహుళ వినియోగ జోన్ విడిగానే ఉంది. నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) పరిధిలో వాణిజ్య రోడ్లుగా ప్రకటించిన వాటి వెంట రుసుము కట్టి దుకాణాలకు అనుమతి తెచ్చుకోవచ్చు. కట్టడం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కూడా కావాలి. కొనేవాళ్లు చేయాల్సిన పని చిన్నదే: మంజూరైన ప్లాను అడిగి, కింది అంతస్తు దగ్గర ఏమని రాసి ఉందో చదవడం. పార్కింగ్ అని రాసి ఉన్నచోట షట్టర్లు కనిపిస్తే అక్కడితో ఆగిపోండి.

ఇల్లు, ఆఫీసు, బజారు ఒకచోటే ఉంటే ట్రాఫిక్ తగ్గుతుందంటారు కదా?

సగం నిజం. పాలు, మందులు, పిల్లల ట్యూషన్, క్షవరం లాంటి చిన్న పనులకు బండి తీయక్కర్లేదు. మా ఇంట్లో రెండో బండి అమ్మేశాం. కానీ ఆఫీసు సంగతి వేరు. పై అంతస్తులో ఫ్లాటు కొన్నవాడికే కింది ఆఫీసులో ఉద్యోగం దొరకదు. భర్త మాధాపూర్‌లో, భార్య ఉప్పల్‌లో, పిల్లవాడి బడి మియాపూర్‌లో ఉన్న కుటుంబాలే మా భవనంలో ఎక్కువ. పైగా కింద మాల్ ఉంటే ఊరంతా అక్కడికే వస్తుంది.

స్టేషన్ పక్కన కడితే కథ కొంత మారుతుంది. 2017లో కేంద్రం తెచ్చిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానం చెప్పేది అదే: స్టేషన్‌కు 500 నుంచి 800 మీటర్ల లోపల, అంటే నడిచి వెళ్లేంత దూరంలో, జనసాంద్రత పెంచండి అని. హైదరాబాద్ మెట్రో మొదటి మార్గం 2017 నవంబరులో మొదలైంది. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో స్టేషన్ల పక్కనే మాల్స్ కట్టారు. మెట్రో ఖర్చు టికెట్ల మీదే రాదు కాబట్టి స్థలాలమీద వచ్చే అద్దె కలవాలనేది లెక్క. హాంకాంగ్‌లో ఇదే పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది.

భవనాలు పెరిగి దారులు పెరగకపోతే ఏమవుతుందో ముంబై చూపించింది. మూతపడ్డ నూలు మిల్లుల స్థలాల్లో లోయర్ పరేల్ చుట్టూ ఆఫీసులు, మాల్స్, నివాస టవర్లు లేచాయి. లక్షలమంది దిగే స్టేషన్ వంతెనలు మాత్రం పాతవే. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. మూడు నెలలు తిరగకుండానే ఆ దగ్గర్లోని కమలా మిల్స్ ఆవరణలో మేడమీది పబ్బుల్లో మంటలు లేచి 14 మంది పోయారు. ఫ్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు భవనాన్ని మాత్రమే చూసి రావద్దని నేను అనడం అందుకే. బస్టాపు దాకా నడిచి వెళ్లి చూడండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు మొదట ఏమి గమనించాలి?

తలుపులు. మోడల్ ఫ్లాటు, ఈతకొలను తర్వాత. వీధిలోంచి మీ ఇంటి గుమ్మం దాకా నడుస్తూ, దారిలో దుకాణాలకు వచ్చేవాళ్లతో ఎక్కడెక్కడ కలుస్తారో లెక్కపెట్టండి. గేటు ఒకటేనా? లిఫ్టు దుకాణాల అంతస్తులో ఆగుతుందా? సెల్లారుకు దిగే ర్యాంపు ఎవరెవరికి? సరుకు లారీ ఎక్కడ నిలబెడతారు? చెత్త ఏ దారిన బయటికి పోతుంది? ఇళ్లనూ దుకాణాలనూ ఒకచోట పెట్టడం ఏ బిల్డరుకైనా వచ్చు. వాటిని విడదీయడం వచ్చా రాదా అన్నది ఈ తలుపుల దగ్గర తెలిసిపోతుంది.

మా భవనంలో ఇళ్ల లిఫ్టు దుకాణాల అంతస్తులోనూ ఆగేది. మొదటి దసరాకు కింద బట్టల దుకాణంవాళ్లు రాత్రి పదకొండు తర్వాత బేళ్లన్నీ అందులోనే పైకి చేరవేశారు. తెల్లారి చూస్తే అద్దం మీద అడ్డంగా గీత, తలుపు గాడిలో గోనెపీచు. లిఫ్టు రెండు రోజులు కదల్లేదు. ఐదో అంతస్తులో మోకాళ్ల ఆపరేషన్ అయిన పెద్దావిడ ఉన్నారు. ఆ రెండు రోజులూ ఫిజియోథెరపీకి వెళ్లలేకపోయారు. తర్వాత ఆ రెండంతస్తుల బటన్లు పనిచేయకుండా కార్డు పద్ధతి పెట్టించాం.

ఇంకో మాట. చూడ్డానికి ఆదివారం పొద్దున కాకుండా శనివారం సాయంత్రం ఏడింటికి వెళ్లండి. సేల్స్ కుర్రాడు పొద్దున్నే రమ్మంటాడు.

అగ్ని ప్రమాదాల భయం నిజమేనా?

నిజమే. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలంటుకుని 8 మంది చనిపోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు ఉన్న భవనంలో కనీసం 9 మంది. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో కింద నగల దుకాణాలు, పైన ఉమ్మడి కుటుంబం ఉన్న ఇంట్లో 17 మంది పోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. బయటికి రావడానికి ఉన్నది ఇరుకైన ఒకే దారి.

మూడుచోట్లా నిప్పు కింద పుట్టింది, మనుషులు పైన ఉన్నారు. పొగ పైకే పోతుంది, మెట్లదారే దానికి పొగగొట్టం. అందుకని ఇవి చూడండి. ఇళ్ల మెట్లు దుకాణాల మధ్యలోకి దిగకుండా నేరుగా ఆరుబయటికి చేరాలి. సెల్లారు మెట్లు, పై మెట్లు ఒకే గుంతలో కొనసాగకూడదు. సెల్లారులో పొగ పుడితే పదో అంతస్తు దాకా అదే దారి పడుతుంది. మెట్ల తలుపులు వాటంతటవే మూసుకునేవై ఉండాలి. వాటికి ఇటుకరాయి అడ్డంపెట్టి తెరిచి ఉంచారంటే ఆ అసోసియేషన్ ఎలాంటిదో మీకు తెలిసిపోయినట్టే. మేడమీది తలుపు తాళం ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌ను అడగండి.

అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం నివాస భవనమైతే 18 మీటర్ల ఎత్తు నుంచి, వాణిజ్య భవనమైతే 15 మీటర్ల నుంచి కావాలి. ఆ కాగితం నకలు అడిగి తీసుకోండి. కట్టిన రోజుకు అది సరిపోయి ఉండవచ్చు. ఆ తర్వాత సెల్లారులో ఎవరేం నింపారన్నది కాగితంలో ఉండదు. మేము మూడు నెలలకోసారి సెల్లారంతా తిరిగి ఫొటోలు తీసేవాళ్లం. ఒకసారి జనరేటర్ గదిలో పెయింటు డబ్బాలు, థిన్నరు కనిపించాయి. అడిగితే "రేపు తీసేస్తాం సార్" అన్నారు. డబ్బాలను రోడ్డుమీద పెట్టించిన తర్వాతే కదిలాం.

పార్కింగ్ సంగతి?

ఇళ్లకు, దుకాణాలకు వేర్వేరు సెల్లారు అంతస్తులుంటే మంచిది. మధ్యలో బూమ్ గేటు (పైకి లేచి దిగే అడ్డుకర్ర) తప్పనిసరి. మీ కారు స్థలం నంబరు అమ్మకం ఒప్పందంలో రాయించుకోండి, ప్లాను నకలు మీద గుర్తుపెట్టించండి. రెరా చట్టం ప్రకారం ఆరుబయటి పార్కింగ్ ఉమ్మడి ఆస్తి. స్టిల్ట్ పార్కింగ్‌ను, అంటే భవనం కింద స్తంభాల మధ్య వదిలిన చోటును, బిల్డరు విడిగా అమ్ముకోవడానికి లేదని ముంబై కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. తెలంగాణలో 2018 నుంచి మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం. దుకాణాలకు వచ్చేవాళ్లకు మంచిదే. కింద మాల్ ఉన్న ఇళ్లవాళ్లకు మాత్రం పండగ రోజుల్లో అదో తిరునాళ్లు.

వాసన, చప్పుడు ఎంత ఉంటాయి?

కింద ఏ వ్యాపారం ఉందన్నదాన్ని బట్టి. బ్యాంకు, మందుల దుకాణం, కళ్లద్దాల దుకాణం ఉత్తమ పొరుగు. హోటల్, జిమ్, ఫంక్షన్ హాల్ కష్టం. జిమ్‌లో బరువులు పడేసే చప్పుడు గోడల్లోంచి వస్తుంది, కిటికీలు మూసినా ఆగదు.

మా భవనంలో మొదటి అంతస్తులో టిఫిన్ సెంటర్ పెట్టారు. వంటగది పొగగొట్టాన్ని బయటి గోడమీదుగా తెచ్చి, సరిగ్గా పై అంతస్తు ఫ్లాటు బాల్కనీ పక్కన వదిలేశారు. ఆ బాల్కనీలో ఒకావిడ వడియాలు పెట్టేవారు. ఒకరోజు ఆవిడ వడియం ఒకటి నా చేతిలో పెట్టి వాసన చూడమన్నారు. బూడిద గుమ్మడికాయ వడియం మిరపకాయ బజ్జీ వాసన వస్తోంది. ఆ గొట్టాన్ని వెనకగోడ మీదుగా మేడపైకి తీసుకెళ్లడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పని మూడు రోజులే. మిగతా కాలమంతా ఖర్చు అద్దెదారుదా, దుకాణం యజమానిదా అన్న వాదన. చివరికి చెరిసగం పెట్టుకున్నారు. ఈ గొట్టం పైదాకా వెళ్లాలన్న మాట కట్టేటప్పుడే ప్లానులో ఉంటే ఎవరికీ ఖర్చు తెలిసేది కాదు. అడగాల్సిన ప్రశ్న: హోటల్‌కు అనుమతి ఉన్న యూనిట్లు ఏవి, వాటి పొగగొట్టం ఎక్కడ తేలుతుంది?

నూనె జిడ్డు సంగతీ అంతే. హోటల్ కాలువకు జిడ్డును పట్టి ఉంచే తొట్టి లేకపోతే అదంతా వెళ్లి భవనం మ్యాన్‌హోల్‌లో గడ్డకడుతుంది. తర్వాత ఎవరి స్నానాల గదిలోంచి పైకి తంతుందో దేవుడికే తెలియాలి.

చప్పుడు విషయంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో 65, 55. రాత్రి అంటే పది నుంచి ఆరు వరకు. మరి రెండూ ఉన్నచోట? అధికారులు పారిశ్రామిక, వాణిజ్య, నివాస, నిశ్శబ్ద అనే నాలుగు వర్గాల్లో ఏదో ఒకటిగా ప్రకటించవచ్చని నిబంధన. మీ రోడ్డు వాణిజ్యం కింద పడిందంటే ఇంటివాళ్లు పది డెసిబెల్స్ అదనంగా భరించాల్సిందే.

మెయింటెనెన్స్ ఎవరు ఎంత కట్టాలి?

అసోసియేషన్ సమావేశాల్లో కుర్చీలు ఎగిరేది ఇక్కడే. దుకాణంవాళ్లు "మేము లిఫ్టు ఎక్కం, ఎందుకు కట్టాలి?" అంటారు. ఇళ్లవాళ్లు "మీ కస్టమర్లు మా కుళాయి వాడుతున్నారు" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

మేము చివరికి మూడు పుస్తకాలు పెట్టాం. భవనం పైకప్పు, బయటి గోడలు, మంటలార్పే పంపు, ప్రధాన గేటు కాపలా అందరి పుస్తకంలో, విస్తీర్ణాన్ని బట్టి. ఇళ్ల లిఫ్టు, వరండాలు, వాచ్‌మన్ ఇళ్ల పుస్తకంలో. దుకాణాల మరుగుదొడ్లు, వాళ్ల ఏసీ యంత్రాలు, ముందు భాగం ఊడ్పు వాళ్ల పుస్తకంలో. జనరేటర్ డీజిల్‌కు విడి మీటరు. ఈ పద్ధతి పెట్టాక నెలవారీ సమావేశం గంటన్నర నుంచి అరగంటకు వచ్చింది.

కరెంటు మీటర్లు ఎవరివి వాళ్లకు ఉండాలని చెప్పక్కర్లేదు. కరెంటు బిల్లులో ఇళ్ల వర్గం ఎల్‌టీ-1, దుకాణాలది ఎల్‌టీ-2, రేట్లు వేరు. ఉమ్మడి మీటరును మాత్రం అనుమానించండి. ఒక వేసవిలో మా ఎలక్ట్రీషియన్ వరండా దీపాల బ్రేకర్ దించితే కింద మూడు దుకాణాల బోర్డులు ఆరిపోయాయి. బిల్డరు వైరింగ్ అలా చేసి ఇచ్చాడు. నాలుగేళ్లుగా వాళ్ల బోర్డుల వెలుగుకు మేము కడుతున్నాం! నీళ్లు కూడా చూసుకోండి. హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత పథకం గృహ కనెక్షన్లకే వర్తిస్తుంది.

అసోసియేషన్ ఒకటి ఉండాలా, రెండా?

ఇళ్లకు ఒకటి, దుకాణాలకు ఒకటి, ఉమ్మడి పనులకు రెండింటి ప్రతినిధులతో ఒక కమిటీ ఉంటే బాగుంటుంది. ఒకటే ఉంటే ఓటు ఎలా లెక్కిస్తారో చదవండి. యూనిట్‌కు ఒక ఓటైతే నలభై ఇళ్లదే మాట. చదరపు అడుగులను బట్టి అయితే రెండంతస్తులు తన దగ్గరే ఉంచుకున్న బిల్డరుదే మాట.

భూమిలో వాటా ఎలా లెక్కిస్తారు?

మీ ఫ్లాటుతో పాటు స్థలంలో కొన్ని గజాల అవిభాజ్య వాటా రిజిస్టర్ అవుతుంది. యూడీఎస్ అంటారే, అదే. మిశ్రమ భవనాల్లో ఈ వాటా విస్తీర్ణాన్ని బట్టి పంచారా, విలువను బట్టి పంచారా అన్నది అడగాలి. విలువను బట్టి అయితే కింది దుకాణాలకు ఎక్కువ భూమి పోతుంది. రేపు భవనం పాతబడి పడగొట్టి కట్టాల్సివస్తే మీకు మిగిలేది ఆ గజాలే. అన్ని దస్తావేజుల్లోని వాటాలు కూడితే మొత్తం స్థలం లెక్క తేలాలి. తేలనివాటిని కూడా చూశాను.

జీఎస్టీ ఎంత?

నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం. అందుబాటు ధర ఇంటికి, అంటే హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే నేల), 45 లక్షల లోపు ఉన్నదానికి 1 శాతం. దుకాణానికైతే ఒక మెలిక ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి, ప్రాజెక్టు మొత్తం కార్పెట్ ఏరియాలో వాణిజ్య భాగం 15 శాతానికి మించకపోతే దాన్ని నివాస ప్రాజెక్టుగానే లెక్కిస్తారు. అప్పుడు దుకాణానికీ 5 శాతమే. మించితే దుకాణానికి 12. కొన్ని భవనాల్లో దుకాణాలు సరిగ్గా పద్నాలుగు శాతం చిల్లర దగ్గర ఆగడం యాదృచ్ఛికం కాదు. అక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో ఉండవచ్చని ఇచ్చే అనుమతి) వచ్చాక, మొత్తం డబ్బు ఆ తర్వాతే చెల్లించి కొంటే జీఎస్టీ ఉండదు.

బ్యాంకు రుణం వస్తుందా?

ఫ్లాటుకు మామూలు గృహరుణమే. 30 లక్షల వరకు విలువలో 90 శాతం, 75 లక్షల వరకు 80, ఆపైన 75 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు పరిమితి. దుకాణానికి గృహరుణం ఇవ్వరు. వాణిజ్య ఆస్తి రుణం తీసుకోవాలి. సాధారణంగా వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ.

"దుకాణం కొనండి, నెలనెలా అద్దె మేమిస్తాం" అంటున్నారు. నమ్మవచ్చా?

ఏది కొంటున్నారో చేత్తో తాకి చూపించమనండి. మాల్‌లో వంద చదరపు అడుగులు అంటారు. వెళ్లి చూస్తే గోడలుండవు, షట్టరుండదు, పెద్ద హాలులో మీ వాటా ఎక్కడో ఎవరికీ తెలియదు. మొత్తం హాలు ఒకే కంపెనీకి లీజుకిస్తారు. ఆ కంపెనీ ఖాళీ చేసి వెళ్లిపోయిన రోజు మూడువందల మంది యజమానులు ఆ హాలులో నిలబడి ముఖాలు చూసుకోవాలి. భవనం పూర్తికాకముందే ఇచ్చే "అద్దె" మీ డబ్బులోంచి మీకే తిరిగి ఇస్తున్నది. చట్టం అనుమతించని డిపాజిట్ పథకాలను 2019లో నిషేధించారు. అలాంటి హామీ ఇచ్చేవాళ్లను ఆ చట్టం గురించి అడిగి చూడండి, సంభాషణ ఎంత త్వరగా ముగుస్తుందో.

ప్రీలాంచ్‌లో సగం ధరకే వస్తోంది, తీసుకోవచ్చా?

వద్దు. ప్రీలాంచ్ అంటే రెరాలో నమోదు కాకముందే అమ్మడం. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమైనా, ఎనిమిదికి మించిన యూనిట్లైనా రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. దుకాణాలకూ ఇదే చట్టం. నమోదైన ప్రాజెక్టులో కూడా ఒప్పందం రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి.

కొన్నాక ప్లాను మార్చి, క్లబ్‌హౌస్ స్థలంలో దుకాణాలు కడతామంటే?

మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారుల రాతపూర్వక అంగీకారం కావాలి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి: ఒకరు ఎన్ని యూనిట్లు కొన్నా ఆ లెక్కలో ఒక్కరే. బిల్డరుకు ఓటు లేదు. రిజిస్ట్రేషన్ రోజు సంతకాల దొంతరలో "భవిష్యత్ మార్పులకు అంగీకరిస్తున్నాను" అన్న కాగితం ఒకటి దూర్చుతారు. దాన్ని చదివి పక్కన పెట్టండి. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడితే డబ్బు తీసుకోకుండా సరిచేసి ఇవ్వాల్సిందీ బిల్డరే.

మా అపార్ట్‌మెంటులో దుకాణాల్లేవు. ఫ్లాట్లనే హాస్టళ్లుగా, ఆఫీసులుగా మారుస్తున్నారు. ఇదీ అదేనా?

అదే, కాకపోతే ఎవరూ ప్లాను గీయనిది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు వచ్చింది చాలావరకు ఈ దారినే. మూడు పడకగదుల్లో పదిహేను మంది ఉంటే ట్యాంకు, లిఫ్టు, మురుగు గొట్టం అన్నీ లెక్క తప్పుతాయి. ట్రేడ్ లైసెన్స్ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. అసోసియేషన్ నిబంధనల్లో ముందే రాసుకోకపోతే తర్వాత చాలా తిరగాలి.

అద్దెకుండేవాళ్లకు ఇలాంటి భవనం మంచిదేనా?

మంచిదే. రోడ్డువైపు గది వద్దు, దుకాణాల మీది మొదటి రెండంతస్తులు వద్దు. మిగతాది నచ్చకపోతే ఖాళీ చేసి వెళ్లవచ్చు కదా.

ఇన్ని కష్టాలు చెప్పారు. మీరెందుకు ఇంకా అక్కడే ఉంటున్నారు?

మా అమ్మకు ఎనభై దాటాయి. పొద్దున ఏడింటికి లిఫ్టులో కిందికి దిగి, మందుల దుకాణం ముందు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంది. ఆ కుర్రాడు బీపీ చూస్తాడు. కొత్తిమీర కట్ట కొనుక్కుని ఎనిమిదింటికి పైకి వస్తుంది. రోడ్డు దాటక్కర్లేదు, నన్ను అడగక్కర్లేదు. నగర శివార్లలో విల్లా చూద్దామని రెండుసార్లు తీసుకెళ్లాను. రెండుసార్లూ కారు దిగి చుట్టూ చూసి, "ఇక్కడ కొత్తిమీర ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది.